గిత్త విన్న గొంతు

మా పెదనాన్న చలమయ్యకు రెండు పనులు వచ్చు. రెండూ దబ్బనంతోనే. మిరప సీజనులో గుంటూరు యార్డులో గోతాలు కుడతాడు. మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే వాళ్ళ ఊరు వెళ్ళి కోడెలకు ముక్కు కుట్టి, ముకుతాడు ఎక్కించి వస్తాడు. గోతాలు కుట్టేటప్పుడు ఆయన నోటికి మూత ఉండదు. ఎవరి అల్లుడు ఎవరితో తగాదా పడ్డాడో యార్డులో ఆయన్ని అడిగితే చాలు. అదే కోడె దగ్గరికి వెళ్ళాడా, మూగవాడైపోతాడు. ఆ ఊళ్ళో అడుగు పెట్టింది మొదలు పొలిమేర దాటేదాకా అన్నీ సైగలే. టీ తాగుతావా అని అడిగినా తల ఊపుతాడు తప్ప పలకడు.

ముక్కు కుట్టే వేళ విన్న గొంతును పశువు చచ్చేదాకా మరిచిపోదని ఆయన నమ్మకం. కొట్టిన చేతిని మరిచిపోతుందట గానీ గొంతును మరవదట. మా తాతకు నోరు ఆగేది కాదు, కుడుతూనే కబుర్లు చెప్పేవాడట. ఒకసారి మిరపనారు కోసం వెళుతూ మార్టూరు దగ్గర ఒక పల్లెలో ఆగి ఎవరినో దారి అడిగాడు. వీధిలో బండికి కట్టిన గిత్త ఒకటి ఆ మాట విని కాడి విరుచుకుని మీదికొచ్చింది. ఎన్నో ఏళ్ళ కిందట తాత ముక్కు కుట్టిన గిత్త అది. కొమ్ము కడుపులో దిగింది. తాత మళ్ళీ ఇల్లు చేరలేదు. పెదనాన్న అప్పుడు పక్కనే ఉన్నాడు.

నేను ఇవేవీ నమ్మేవాణ్ణి కాదు. బెదిరిన గిత్త ఎవర్నైనా పొడుస్తుందని వాదించేవాణ్ణి. ఒకసారి పెదనాన్న మనవరాలు దీప్తి, ఏడో తరగతి పిల్ల, సెలవులకొచ్చి హోంవర్కు ముందేసుకుని కూర్చుంది.

"తాతయ్యా, పియర్స్ అంటే ఏంటి? అలాంటి అర్థం వచ్చే మాటలు ఇంకో నాలుగు రాయమన్నారు."

పక్కనున్న నేను అర్థం చెప్పాను. పెదనాన్న గోతం మీంచి తలెత్తకుండానే అందుకున్నాడు. "ముల్లు గుచ్చుకుద్ది. తేలు కుట్టుద్ది. గిత్త పొడుసుద్ది. సూది దిగుద్ది. మాట నాటుకుద్ది. రాసుకో."

"ఇంగ్లీషులో రాయాలి తాతయ్యా."

"ఇంగ్లీషోళ్ళకి మాత్రం ముళ్ళు గుచ్చుకోవా ఏంటే? వాళ్ళకీ మాటలుంటాయి, ఎతుక్కో."

దీప్తి తండ్రి శివనాగరాజు, పెదనాన్న కూతురు మల్లేశ్వరక్క మొగుడు, నాకు బావ. అద్దంకి దగ్గర పల్లె, మిరప, పొగాకు వేస్తాడు. మంచివాడే గానీ గిత్తల పిచ్చి. బండలాగుడు పందేలకని ఒంగోలు జాతి కోడెను చిన్నప్పుడే తెచ్చి సాకాడు. ఇంట్లో పిల్ల గుడ్డు తిందో లేదో ఆయనకు గుర్తుండదు, కోడెకు మాత్రం గుడ్లు, ఖర్జూరాలు వేళ తప్పవు. చూస్తే నాకు ఒళ్ళు మండేది. దాన్ని 'నాన్నా' అని పిలిచేవాడు. ఆ పిలుపు వినపడితే చాలు, అది కుక్కపిల్లలా ఆయన వెనకాలే తిరిగేది.

కార్తీకంలో బావ పెదనాన్న దగ్గరికొచ్చాడు. "ముక్కు మీరే కుట్టాలి మావయ్యా. బయటోళ్ళ చేతిలో పెట్టను."

"నేను కుడితే మళ్ళా మీ ఇంటికొచ్చి మాట్టాడేది ఎట్టా అల్లుడూ? నా కూతురింటికి నేను రావద్దా?"

బావ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అక్క చేత కూడా చెప్పించాడు. కూతురు అడిగాక పెదనాన్న మెత్తబడ్డాడు. ఒక్కటే షరతు పెట్టాడు. కోడెను గుంజకు కట్టాక ఎవరూ నోరు తెరవకూడదు. బావ సరేనన్నాడు.

నా బండి మీదే పెదనాన్నా నేనూ వెళ్ళాం. నలుగురు మనుషులు కోడెను గుంజకు బిగించారు. కళ్ళకు తువ్వాలు కట్టారు. పెదనాన్న దాని ముక్కులో వేళ్ళు పెట్టి, సన్నటి పొర ఎక్కడుందో తడిమి చూసుకుని దబ్బనం దించాడు. కోడె అరిచింది. ఆ అరుపుకు బావ మనసు ఆగలేదు. దాని మెడ కౌగిలించుకుని, చెవిలో నోరు పెట్టి మొదలుపెట్టాడు. "ఏం లేదు నాన్నా. అయిపోయింది నాన్నా. నేనున్నాగా."

పెదనాన్న కళ్ళతోనే వద్దని చెప్పాడు. బావ చూడలేదు. దబ్బనం సగంలో ఆపితే ముక్కు చీలిపోతుంది, లేచి అల్లుడి నోరు మూయడానికి లేదు. బావ ఆ 'నాన్నా' ఆపడం లేదు. అప్పుడు పెదనాన్న నోరు తెరిచాడు. ఆ పనిలో ఆయన మాట వినడం నాకదే మొదలు.

"చలమయ్యని. నేను చలమయ్యని. కుట్టేది నేను, ఇను" అని అరిచాడు. ఆ తరవాత ఏం చెప్పాలో తోచక యార్డులో మిరప రకాలన్నీ అందుకున్నాడు. తేజ, బాడిగ, ఆర్మూరు. బావ గొంతు మునిగిపోయేలా అరుస్తూ ముకుతాడు లాగి ముడేశాడు. గిత్తను పట్టుకున్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కోడె పగను ఆయన తన మీదికి లాక్కుంటున్నాడని అర్థమై భయమేసింది.

తిరిగొచ్చేటప్పుడు దారిలో బండి ఆపమన్నాడు.

"ఏ గొంతు పట్టుకుందో ఏమోరా" అన్నాడు. "నాదైతే బాధ లేదు. నేను ఆ గడప తొక్కకుండా ఉండగలను. ఆడు ఉండగలడా?"

అన్నట్టే ఆయన కూతురింటికి వెళ్ళడం మానేశాడు. అక్క ఫోన్లో నిష్ఠూరాలాడింది. యార్డులో పనుందని ఆయన దాటేశాడు. నిజం చెబితే అల్లుడు నవ్వుతాడని తెలుసు. తాను పిలిస్తే కోడె రావడం లేదని, తల వంచుకుని నిలబడుతోందని బావే చెప్పాడు. ముక్కు నొప్పి తగ్గితే అదే సర్దుకుంటుందట. మొన్నొక రోజు తనను గోడకేసి అదిమిందని, ఎంత బలమొచ్చిందో చూడమని మురిసిపోయాడు. శివరాత్రి పందెంలో తనే పక్కన నడిచి తోలుతానన్నాడు.

ఆ మాట విన్న మర్నాడే పెదనాన్న నన్ను బండి తియ్యమన్నాడు.

మేం వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. కల్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. కోడె గుంజ దగ్గర చొప్ప తింటోంది. ఎంత పెరిగిందో, మూపురం నా తల ఎత్తుకొచ్చింది. నన్ను దూరంగా ఉండమని చెప్పి, పెదనాన్న పలుపుతాడు అందే చోటికి వెళ్ళి దాని మొహానికి ఎదురుగా నిలబడ్డాడు.

"నేనేరా, చలమయ్యని. నీ ముక్కు కుట్టినోణ్ణి."

కోడె నములుతూనే ఉంది. ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. గొంతు పెంచాడు. తేజ అన్నాడు, బాడిగ అన్నాడు. తిట్టాడు. అది తోకతో ఈగలు తోలుకుని ఇంకో చొప్పకర్ర అందుకుంది. పొడవమని ఒక మనిషి పశువును బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

"ఎవరూ, మావయ్యేనా?" లోపల్నుంచి బావ గొంతు వినపడింది.

కోడె నమలడం ఆపింది. నోట్లో చొప్ప జారి కింద పడింది. చెవులు రెండూ ఇంటి వైపు తిరిగాయి. తల నెమ్మదిగా కిందికి దిగింది.

బావ నవ్వుతూ వాకిట్లోకి వచ్చాడు. "చూశారా మావయ్యా, నా గొంతు ఇంటే చాలు, ఎట్టా చెవులు నిక్కబొడుసుకుద్దో. మర్చిపోలేదు నన్ను. రా నాన్నా, రా."

చేతులు చాచి దాని దగ్గరికి నడవబోయాడు. పెదనాన్న అల్లుడితో ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగడు. పరుగున వెళ్ళి అరచేత్తో ఆయన నోరు మూసేశాడు. బావ ఇదేదో పరాచికమనుకుని ఆ చెయ్యి తొలగించబోయాడు. పెదనాన్న రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టాడు. వెనకాల గుంజ మట్టిలో కదిలిన చప్పుడైంది. పెదనాన్న చేతులు తియ్యలేదు.