అనుభవదారు గడిలో ఎల్లమ్మ పేరు

మా చిన్నప్పుడు ఆదివారం వచ్చిందంటే బాపు పక్కన కూర్చుని ఊరివాళ్ళ కాగితాలు చదివి వినిపించడం నా పని... బాపు, అంటే మా నాన్న, కల్వకుర్తిలో ఒక వకీలు దగ్గర మున్షీ, గుమాస్తా లాంటి పని. ఆయన చదువంతా ఉర్దూలో. కాగితాలేమో అప్పటికే తెలుగులోకి మారిపోయాయి. అందుకని చదవడం నా వంతు, జవాబు చెప్పడం ఆయన వంతు. అప్పుడు నేను ఐదో తరగతి.

వకీలు గుమ్మం ఎక్కే ధైర్యం లేనివాళ్ళు మా అరుగు మీదికి వచ్చేవారు. పక్కింటి చూరు నీళ్ళు మా గోడ మీద పడుతున్నాయి, ఏం చెయ్యాలి... బాటకు అడ్డంగా కంచె వేశారు, తీయించొచ్చా... మొగుడు చెప్పకుండా ఎడ్లను అమ్మేశాడు, చెల్లుతుందా... ఎవరూ తమ సంగతి అని ఒప్పుకునేవారు కాదు. "మా సుట్టాలల్ల ఒకామె ఉన్నది" అని మొదలుపెట్టేవారు. బాపు కూడా నవ్వకుండా ఆ లేని మనిషికే జవాబు చెప్పి పంపేవాడు.

ఎల్లమ్మ మాత్రం తన సంగతి తనదనే చెప్పింది. ఆమె, ఆమె భర్త మా ఊళ్ళో కూలీలు. వాళ్ళ ముందు తరాల్లో ఎవరికీ గుంట భూమి లేదు. తల్లిగారు ఇచ్చిన బర్రెను అమ్మి, ఊరి భూస్వామి పటేలు దగ్గర ఎకరం పది గుంటలు కొన్నది. తెల్లకాగితం మీద నాలుగు మాటలు, కింద వేలిముద్రలు... దాన్నే సాదా బైనామా అంటారు. ఆ రోజుల్లో మా దిక్కు సగం భూములు అట్లాగే చేతులు మారాయి.

రిజిస్ట్రీ కూడా చేయించుకోవాల్నా అని అడిగింది.

ఆమె తెచ్చిన పహాణీ నకలు బాపు నా చేతికిచ్చాడు. ఏ భూమి ఎవరిదో, ఎవరు దున్నుతున్నారో ఏటేటా రాసే కాగితం అది. సొంతదారు పేరు రాసే పట్టాదారు గడిలో పటేలు పేరుంది. అనుభవదారు గడిలో, అంటే నిజంగా సాగు చేసుకుంటున్నవాళ్ళ గడిలో, ఎల్లమ్మ పేరుంది. రెండూ చదివాను.

"రిజిస్ట్రీ అయితే మంచిదే. గని గీ గడిల నీ పేరున్నన్ని దినాలు నిన్నెవడు కదిలియ్యడు. ఫికర్ జెయ్యకు" అన్నాడు బాపు.

"మళ్ళొకపారి చదువు బిడ్డా" అంది ఎల్లమ్మ.

చదివాను.

ఆ తర్వాత ఏటా పట్వారీ దగ్గర నకలు తెచ్చుకుని నాతో చదివించుకునేది. ఆమె భర్త ఎగతాళి చేసేవాడు... ఏటా చూపిస్తే పేరు ఏమన్నా పెరుగుతదా అని. నీ పేరు లేదని కడుపుమంట అని ఆమె అంటించేది. బాపు పోయాడు. నేను టీచరునై కల్వకుర్తిలోనే ఇల్లు కట్టుకున్నాను. ఎల్లమ్మ రావడం మానలేదు.

లెక్క కచ్చితంగా చెప్పాలి. రాని ఏళ్ళు తీసేస్తే ముప్పై ఎనిమిదిసార్లు చదివాను. ముప్పై ఎనిమిదిసార్లూ పటేలు పేరు కూడా చదివాను... ఆ పేరు ఇంకా అక్కడ ఎందుకుందని ఒక్కసారి కూడా ఆగి ఆలోచించలేదు. బాపుకంటే ఎక్కువ చదువుకున్నదాన్ని నేను.

తెలంగాణ వచ్చింది. కొన్నాళ్ళకు భూముల రికార్డులు కంప్యూటర్లోకి ఎక్కించి కొత్త పాసుపుస్తకాలు ఇచ్చారు. ఆ కొత్త రికార్డులో అనుభవదారు గడే లేదు. ఎల్లమ్మ పేరు ఎవరూ కొట్టెయ్యలేదు... ఉండడానికి చోటు లేక పోయింది. పట్టాదారు గడిలోకి పటేలు మనవడు వచ్చాడు.

ఎల్లమ్మ మనవరాలు సుజాత, డిగ్రీ చదివిన పిల్ల, పాత నకళ్ళన్నీ ప్లాస్టిక్ సంచిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ సాదా బైనామాకు పట్టా ఇమ్మని మూడు దరఖాస్తులు నా చేత్తోనే నింపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోది, ఇట్లాంటి దరఖాస్తులన్నిటి మీదా హైకోర్టులో కేసు ఉండి ఆగిందన్నారు. మూడోదానికి, అమ్మినవాళ్ళు ఒప్పుకున్నట్టు అఫిడవిట్ తెమ్మన్నారు.

హైదరాబాదులో ఉన్న పటేలు మనవడి ఇంటికి నాలుగుసార్లు పోయాం. నాలుగోసారి దొరికాడు. మర్యాదగానే కూర్చోబెట్టాడు, నీళ్ళిచ్చాడు.

"మా తాత ఏం అమ్మిండో నాకెట్ల తెలుస్తది టీచరమ్మా... పుస్తకంల నా పేరున్నది గద" అన్నాడు. అప్పటికే ప్లాట్లు చేసేవాళ్ళకు అమ్మేశాడట.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సుజాత అడిగింది.

"టీచరమ్మా, మీ బాపు మా అవ్వకు తప్పు చెప్పిండా?"

"లేదు. ఆనాటికి అది సరైన జవాబే."

"మరి మేం ఏం తప్పు చేసినం?"

నేను నలభై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషిని. బస్సు దిగగానే ఆ ప్రశ్నను ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాను.

కోర్టుకు పోవచ్చన్నాడు ఆయన. ఎన్నేళ్ళు పడుతుందో మాత్రం చెప్పలేనన్నాడు. ఎల్లమ్మకు ఎనభై ఐదు దాటాయి.

పోయిన నెల శ్రీశైలం రోడ్డు మీద పోతూ ఎల్లమ్మ దున్నుకున్న ఆ భూమి దగ్గర ఆగాను. గట్లు లేవు. వరుసగా తెల్లరాళ్ళు పాతారు. ఎల్లమ్మ కొడుకు ఆ ప్లాట్ల మధ్య మొక్కలు నాటుతున్నాడు, రోజు కూలికి. ఎల్లమ్మ అతనికి సద్ది తెచ్చి ఒక రాయి పక్కన కూర్చుంది. కొత్తగా వచ్చిన వాచ్‌మన్ నువ్వెవరమ్మా అని అడిగాడు.

"గీడ పనిచేసేటోని తల్లిని" అంది.

నేను అక్కడే నిలబడి విన్నాను... ఈ భూమి ఆమెదే అని చెప్పడానికి, ఇప్పుడు చెల్లే కాగితం ఒక్కటీ నా చేతిలో లేదు.

మా చిన్నప్పుడు అరుగు మీద చెప్పిన ఒక్క మాటను నమ్ముకుని మనిషి బతుకంతా దున్నుకునేది. ఇప్పుడు చట్టాలన్నీ నా ఫోన్లోనే ఉన్నాయి, రోజూ చదువుతాను... మీ ఇళ్ళల్లో ఎవరికైనా ఇట్లా పోయిన పేరు మళ్ళీ ఎక్కి ఉంటే, ఏ అర్జీతో ఎక్కిందో ఈ పోస్టు కింద రాయండి. ఓదార్పు మాటలు వద్దు. ఎవరికీ ఎక్కలేదంటే, అదైనా రాయండి... సుజాతకు ఇంకా ఆశ ఉంది, నేను ఆ పిల్లకు ఏదో ఒకటి చెప్పాలి.