శవం చూపించని చివరి ఎపిసోడ్

నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతున్నాను, నా బిడ్డ రాస్తోంది. మధ్యమధ్య ఆగి, "అమ్మా, ఇది గూడ రాయాల్నా?" అని అడుగుతోంది. రాయమన్నాను.

మా ఊరు జూలూరుపాడు దాటి, అడవి మొదలయ్యే చోట ఉంది. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు అడ్డం. నా పెనిమిటి పత్తి చేను చేసేవాడు, పని లేని రోజుల్లో ఇంకొకరి ట్రాక్టర్ నడిపేవాడు. నేను అడవికి పోయి మోదుగాకు తెచ్చి విస్తర్లు కుట్టేదాన్ని. ఇప్పుడూ అదే పని. చేతికి అలవాటైన పని మనిషి పోయినా ఆగదు.

ఆయనకు ఒక సీరియల్ పిచ్చి ఉండేది. ఆకాశంలో తిరిగే ఓడ, దానికొక కెప్టెన్, ఆయన కింద పనిచేసేవాళ్లు. ఎక్కడి దేశానిదో, తెలుగు మాటలు పెట్టి ఆదివారం మధ్యాహ్నం వేసేవాళ్లు. నోరు కదిలేది ఒకటి, వినపడేది ఇంకొకటి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఆ ఓడలో పొయ్యి లేదు, చేను లేదు, వాళ్లు ఎప్పుడు తింటారో తెలియదు. ఆయన మంచం మీద కూచుని కాళ్లూపుకుంటూ చూసేవాడు. నేను కింద కూచుని ఆకులు కుట్టుకుంటూ చూసేదాన్ని. మా అత్త గోడకానుకుని కునుకు తీసేది. పేలుడు చప్పుడొస్తే ఉలిక్కిపడి లేచి, "ఎవలు పోయిండ్రు?" అని అడిగి మళ్లీ కళ్లు మూసుకునేది.

చూడగా చూడగా ఆయనకు ఆ కథ కిటుకులన్నీ పట్టుబడ్డాయి. జరగబోయేది ముందే చెప్పేవాడు. చివరి ఎపిసోడ్ వచ్చిన ఆదివారం ఆయన నోరు ఒక్క క్షణం ఆగలేదు.

"చూడు, ఇయ్యాల ఓడల మనిషే మోసం చేస్తడు. అందరికంటె మంచోని లెక్క కనపడేటోడు."

ఓడలో ఉన్న ముసలి వైద్యుడే శత్రువులకు తలుపు తీశాడు.

"ఇంగ ఇన్నాళ్లసంది మాట్లాడుకోనోళ్లు మాట్లాడుకుంటరు."

మాట్లాడుకున్నారు, ఏడ్చుకున్నారు కూడా.

"ఇంగ అందర్నీ చిన్న ఓడల ఎక్కిచ్చి, కెప్టెన్ ఒక్కడు ఎనకకు పోతడు."

"నువ్వే రాసినవా ఏందయ్యా?" అన్నాను.

"అన్నీ గిట్లనే ఉంటయే. ఆఖరుకొచ్చేసరికి గింతే."

కెప్టెన్ నిజంగానే అందర్నీ పంపించి తాను వెనక్కి పోయాడు. మా ఆయన విసుక్కున్నాడు. "ఓడ కోసం చస్తడా ఎవడన్న? పోతే ఇంకోటి చేస్తరు. దుంకక, ఏం జేస్తుండు ఆడ?" ఓడ పేలింది. టీవీ అంతా తెల్లగా అయింది. తర్వాత నల్లటి ఆకాశం. అందులో కెప్టెన్ చేతి తొడుగు ఒక్కటే మెల్లగా తిరుగుతోంది. దాని మీద చిన్న ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరింది. అక్కడ ఆపేశారు.

నాకు కళ్లు నిండాయి. ఆయన వంగి నా మొహం చూసి నవ్వాడు.

"ఏమే, ఏడుస్తున్నవా? వాడు చావలే."

"పేలింది గదయ్యా."

"శవం చూపిచ్చిండ్రా? చూపియ్యలే. శవం చూపియ్యకపోతే చావనట్టే. మరి ఆ తొడుగెందుకు చూపిస్తరు, దీపమెందుకు ఎలిగిస్తరు? వచ్చే భాగంల వస్తడు. గడ్డం పెంచుకొని వస్తడు చూడు."

అత్త లేచింది. "ఎవలు పోయిండ్రురా?"

"ఎవలు పోలేదే అమ్మా. పండుకో."

ఆ వానాకాలంలోనే ఆయన పోయాడు. ఎరువు బస్తా కోసం పొద్దున మోటారుబండి మీద జూలూరుపాడు వెళ్లాడు. వచ్చేసరికి వాగు చప్టా మీదికి ఎక్కి పారుతోంది. రోడ్డు వైపు ఒడ్డున ఇద్దరు ఆడవాళ్లు ఆకు మోపులు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నారు, నాతో అడవికి వచ్చేవాళ్లే. ఆయన వాళ్లను ఒక్కొక్కరిని చెయ్యి పట్టుకుని ఇవతలికి దాటించాడు. తర్వాత బండి కోసం వెనక్కి పోయాడు. వద్దని వాళ్లు కేకలు వేశారట. బండి తోసుకుంటూ చప్టా నడుమకు వచ్చాడట. అంతే, ఇంక వాళ్లకు కనపడలేదు.

ఓడ కోసం ఎవడన్నా చస్తాడా అన్న మనిషి.

బండి బురదలో దొరికింది. తుమ్మ కొమ్మకు చిక్కుకుని ఒక చెప్పు దొరికింది. వాగు వెంట కింది ఊళ్ల దాకా, వాగు కలిసే ఏటి దాకా వెతికారు. వాన తగ్గాక మళ్లీ వెతికారు. మనిషి దొరకలేదు.

మా బావ, అంటే ఆయన అన్న, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. మా వైపు మనిషి దొరక్కపోతే మోదుగాకుతో మనిషంత బొమ్మ చేసి కాలుస్తారు. ఆ తర్వాతే దినాలు, ఆ తర్వాతే భార్య గాజులు తీస్తారు. అది కాలేదాకా పోయినవాడు పోయినట్టు కాదు.

"ఏమమ్మా, ఇంగ జెయ్యాలె గద" అన్నాడు బావ.

"ఎందుకు జేస్తరు? శవమేది?" అన్నాను.

"లేకనే గదమ్మా బొమ్మ."

"శవం లేకపోతే చావనట్టే. ఆయనే చెప్పిండు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. నాకు మతి చెడిందన్నారు. చెడలేదు. ఆ చెప్పును కడిగి గూట్లో పెట్టాను. అడవికి పోయి వస్తూ వాగు దగ్గర నిలబడేదాన్ని. గడ్డం పెంచుకున్న మగవాడెవరైనా కనపడితే దగ్గరికి పోయి చూసేదాన్ని. ఊళ్లో పిల్లలు నవ్వేవాళ్లు. ఆదివారం మధ్యాహ్నం టీవీ పెట్టి కూచునేదాన్ని. అదే వేళకు వంటల కార్యక్రమం వచ్చేది. రెండో భాగం ఎప్పుడైనా మొదలవుతుందని దాన్నే చూసేదాన్ని.

మొదట్లో అత్త నా పక్షమే. "నా కొడుక్కు ఈతొచ్చు" అని అందరితో పోట్లాడింది. మరుసటి ఎండాకాలానికి ఆమె మారింది. ఒకరోజు అన్నం పళ్లెం పక్కకు తోసి నా చెయ్యి పట్టుకుంది.

"వాడు నీళ్లడుగుతుండే బిడ్డా. కలలకొచ్చి గొంతెండుతుందే అంటుండు. వాగుల పోయినోనికి నీళ్లు లేవట."

"కలనే గదత్తా."

"నువ్వు ఒప్పుకోక వానికి నీళ్లిచ్చేటోళ్లు లేరు. నేను ముద్దెట్ల మింగాలె?"

అప్పటి నుంచి సరిగా తినడం మానేసింది. గంజి తాగించబోతే పళ్లు బిగబట్టేది. రోజురోజుకూ మంచానికి అతుక్కుపోయింది. ఒకవైపు ఆమె ప్రాణం, ఒకవైపు ఆయన ప్రాణం. ఒప్పుకుంటే నా చేత్తో ఆయన్ని చంపినట్టు, ఒప్పుకోకపోతే ఆమెను చంపినట్టు. ఎవరిని అడగాలి?

నా బిడ్డ అప్పుడు ఖమ్మంలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతోంది. సెలవులకు వచ్చింది. ఫోన్‌లో అన్నీ చూస్తుంది కదా అని అడిగాను.

"ఆ ఓడ సీరియల్ రెండో భాగం వచ్చిందా?"

అది తలెత్తలేదు.

"నిన్నే అడుగుతున్న."

"వచ్చింది."

"వచ్చిండా మరి?"

"రాలే అమ్మా."

"ఇంగ ముందట వస్తడేమో."

"మొత్తం అయిపోయింది. నేను ఆఖరు దాంక చూసిన. కుర్చీల వేరే ఆమె కూసుంది కెప్టెన్‌గ. మొదట్ల ఫొటో ముంగట అందరు నిలబడి దండం పెట్టిండ్రు. గంతే, మళ్ల ఆయన మాట లేదు."

"తొడుగు?"

"దాని మాట గూడ లేదు."

"మరి దీపమెందుకు ఎలిగిచ్చిండ్రే?"

అది నా పక్కన కూచుంది. "ఆ కెప్టెన్ వేషమేసినాయన వేరే సీరియల్‌కు పోయిండట అమ్మా. వస్తడనుకొని పెట్టుంటరు. రానన్నడు, కథ మార్చిండ్రు."

నమ్మలేదు, చూపించమన్నాను. ఇంత చిన్న తెరలో చూశాను. ఫొటో ఉంది, దండ లేదు. ఓడ కొత్తది, బాగా మెరుస్తోంది. పోతే ఇంకోటి చేస్తారని ఆయన అన్నట్టే చేశారు.

నాకు అప్పుడు తెలిసింది ఒక్కటే. ఆ దీపం వెలిగించినవాళ్లకే తెలియదు వాడు బతికున్నాడో లేడో. వాళ్లకే తెలియనిదాన్ని పట్టుకుని నేను అన్నాళ్లు వాగు ఒడ్డున నిలబడ్డాను.

లేచి అత్త దగ్గరికి పోయాను. "బావను పిలుస్త అత్తా. చేపిద్దాం" అన్నాను. ఆమె నా గాజుల చెయ్యి నిమిరింది.

ఆకు కోసం ఎవరూ అడవికి పోవలసిన పని లేదు. విస్తర్లకని తెచ్చి ఆరబెట్టిన కట్టలు నా ఇంట్లోనే ఉన్నాయి. వాకిట్లో బావ, ఇంకొందరు మగవాళ్లు కూచుని ఆ ఆకుల్ని తాడుతో చుట్టి కాళ్లూ చేతులూ కట్టబోయారు. ఎండిన ఆకు తాడుకు నిలుస్తుందా? ఎత్తితే జారి రాలిపోతోంది. కాసేపు చూశాను.

"విప్పుండ్రి బావా. నేను కుడత."

"ఆడోళ్లు ముట్టొద్దమ్మా దీన్ని."

లోపల మంచం మీద నుంచి అత్త అంది, "కుట్టనియ్యిరా. మీ చేతులకేమొస్తది."

పుల్లలు తీసుకుని విస్తరి కుట్టినట్టే కుట్టాను. ఆకు మీద ఆకు, పుల్ల గుచ్చి విరవడం. ఛాతీ అయింది, చేతులయ్యాయి. ఎంత పొడుగు పెట్టాలని బావ అడిగాడు. నాకు నోటితో చెప్పరాలేదు. ఆ ఆకుల పక్కన నేల మీద పడుకున్నాను. నా తల ఆయన భుజం దాకా వచ్చేది. "ఈడికి భుజం రావాలె" అని చూపించాను. పైన ఆకాశం తెల్లగా ఉంది, ఏమీ లేదు. లేచి మళ్లీ కుట్టాను. తలకు కొబ్బరికాయ పెట్టి ఆయన చొక్కా తొడిగారు.

గూట్లోని చెప్పు తెచ్చి ఇచ్చాను. బావ తీసుకోలేదు. "రబ్బరమ్మా. కాలితే కంపు. అది వద్దు" అన్నాడు.

మా వైపు ఆడవాళ్లు కాటి దాకా పోరు. నేను పోయాను, ఎవరూ ఆపలేదు. ఎండుటాకు ఎంతసేపు కాలుతుంది? నిప్పు అంటించి వాళ్లు వెనక్కి జరిగేలోపే అయిపోయింది. మనిషిని కాలిస్తే పొద్దంతా కాచుకుని ఉంటారు, ఏడవడానికైనా వ్యవధి ఉంటుంది. కొబ్బరికాయ ఒక్కటే చాలాసేపు ఉండి, టప్పున పగిలింది. నేను బూడిద వైపే చూస్తూ నిలబడ్డాను. అందులో ఏదైనా ఎర్రగా ఒకసారి వెలిగి ఆరుతుందేమోనని చూశాను. నిప్పులు ఉన్నాయి. అవి ఉత్త నిప్పులు.

బావ బూడిద మూట కట్టి, గోదావరిలో కలపడానికి భద్రాచలం తీసుకుపోయాడు. నేను పోలేదు. ఇంటికొచ్చేసరికి అత్త లేచి కూచుని ఉంది.

"అయిపోయిందా?"

"అయిపోయిందత్తా."

"నీళ్లు పోసిండ్రా వానికి?"

"పోసిండ్రు."

ఆ రోజు ఆమె పప్పుతో అన్నం తింది, ఇంకొంచెం పెట్టమంది. ఆమెకు కొడుకు దాహం తీరింది. దినాల నాడు నా గాజులు తీశారు. నాకేం తీరిందో నాకు తెలియదు. ఇప్పుడు ఆయన కోసం ఎదురు చూడటం కూడా లేదు. అది ఉన్నప్పుడు అడవికి పోయి రావడానికి ఒక దారి ఉన్నట్టుండేది.

చెప్పు గూట్లోనే ఉండిపోయింది. ఒకనాడు తీసి వాకిట్లో, అందరి చెప్పులు విడిచే చోట పెట్టాను. సాయంత్రం వాన వచ్చింది. బిడ్డ తన చెప్పులూ, నావీ లోపలికి తెచ్చింది. "నాన్నది?" అని అడిగింది.

"ఉండనియ్" అన్నాను.