అత్తవి ఆ పన్నెండు రోజులే

మా మేనత్త పోయిందని పక్కింటామె ఫోన్ చేసినప్పుడు నేను ఆసుపత్రిలో ఉన్నాను. నమ్మలేదు. అత్త గుండె ఇంకా కొట్టుకుంటోందని నా చేతిలోని ఫోన్ అప్పుడు కూడా చెబుతోంది.

గుండె జబ్బున్నవాళ్ల చేతికి గడియారం కట్టి, వాళ్ల నడకను, నాడిని ఫోన్‌లో గమనించే పరిశోధనలో నేను నర్సును. కార్వేటినగరం నుంచి తిరుపతికి చదువుకి వచ్చిన నన్ను నాలుగేళ్లు ఇంట్లో పెట్టుకుని సాకింది అత్త. కాలేజీకి ఆలస్యమైతే వెంట వచ్చి, "బువ్వ నేనే ఆలస్యంగా వండినా సార్" అని నా కోసం అబద్ధమాడేది. నన్నెవరైనా ఒక మాటంటే ఓర్చుకునేది కాదు. నా ఈ ఉద్యోగం ఆమె పెట్టిన భిక్షే.

అందుకే గడియారం మొదట ఆమెకే కట్టాను. పన్నెండో రోజు వాళ్లింట్లో ఉండగా మా పైఅధికారి ఫోన్‌లో కసిరాడు, పేషెంట్ల నడక తగ్గుతోంది, ఏం చూస్తున్నావని. అత్త విన్నది.

మర్నాటి నుంచి ఆమె నడక పెరిగింది. "శభాష్ అత్తా!" అని ఫోన్ చేసి మెచ్చుకున్నాను.

"నీ మీద మాట రాకుంటే సాలు పాపా," అంది ఆయాసపడుతూ. నడిచొచ్చిందేమో అనుకున్నాను. చూడ్డానికి వెళితే కాళ్లు చీర కింద, చేతులు కొంగు కింద దాచుకుని కూర్చుంది. నేను ఫోన్ చూశాను, ఆమె పాదాల వాపు చూడలేదు. ఛీ, నా చదువు తగలెయ్య!

అత్త పోయిన రోజు నేను వెళ్లేసరికి గడియారం పక్కింటామె చేతికి ఉంది. ఆమె రోజూ అలిపిరి మెట్లెక్కి మజ్జిగ అమ్ముతుంది. శవం పక్కన కూలబడి ఏడ్చింది. "నాకు ఆయాసంగా ఉండాది, నువ్వు కట్టుకోని ఎక్కు, మా పాపను తిడతాండారు అనింది అమ్మా. గడియారం నడిస్తే సాలనుకుంటి. నాకేం తెలుసు?"

ఆమెనేమనను? తెలియాల్సింది నాకు. మీరు నన్నేమన్నా పడతాను.

పరిశోధన నడిపే డాక్టర్‌గారికి అంతా చెప్పాను. "ఇద్దరి నాడీ కలిసిపోయింది, ఆమె రికార్డు మొత్తం తీసెయ్యమ్మా" అన్నారు. ఆయన తప్పేమీ లేదు.

కానీ మొదటి పన్నెండు రోజులు అత్తవే. తీసెయ్యాలా అని ఫోన్ మూడు రోజులుగా అడుగుతోంది. నా వల్ల కావడం లేదు. అందులో ఒక ఆదివారం పదకొండు గంటలకు అత్త నాడి గీత ఉన్నట్టుండి పైకి లేచింది. ఆ వేళకే నేను వాళ్ల గుమ్మంలో చెప్పులు విప్పుతూ "అత్తా" అని పిలిచాను.