చిల్పూరు ప్లాటులో రెండు పడవలు

ఆ ఉదయం మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుంటే చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ చిన్నబాపు ఇగ లేడు బిడ్డా," అంది. జనగామ దాకా రైల్లో కూర్చుని నేను ఒక్కటే ఆలోచించాను. రెండు పడవల్లో ఏది కొనాలో ఆయన తేల్చుకోకుండానే పోయాడు. చావు కబురు విని పోతున్న మనిషికి పడవలు గుర్తుకు రావడమేమిటని మీకు అనిపించవచ్చు. ఆయనను ఎరిగినవాళ్లకు అనిపించదు.

చిన్నబాపు మా నాన్న తమ్ముడు. మొదట నౌకాదళంలో, తర్వాత సరుకుల ఓడల మీద పనిచేశాడు. ఏడాదికి ఒకసారి సెలవు మీద వచ్చేవాడు. చిట్యాల నుంచి కోడలిగా వచ్చిన చిన్నమ్మ జనగామలో అత్తను చూసుకుంటూ ఎదురుచూసేది. వాళ్లకు పిల్లలు లేరు. రిటైరయ్యాక చిల్పూరు దగ్గర కొన్న ప్లాటులో ఇల్లు కట్టుకుందామని చిన్నమ్మ ఆశ. ఆయన ఇంటికైతే వచ్చాడు గానీ, ఫోన్లో రెండు పాత తెరచాప పడవల ఫొటోలు పెట్టుకుని వచ్చాడు.

ఒకటి విశాఖలో అమ్మకానికి ఉంది. సన్నది, తేలికది, పందేల కోసం కట్టింది. కొంచెం గాలి తగిలితే చాలు, ఉరుకుతుంది. లోపల మాత్రం తల వంచుకునే తిరగాలి. పడుకోవడానికి రైలు బెర్తంత చోటు, మిగతా జాగా అంతా తెరచాపల మూటలకే. రెండోది కొచ్చిలో ఉంది. వెడల్పు, బరువు. నిలబడి వంట చేసుకోవచ్చు, ఇద్దరు హాయిగా పడుకోవచ్చు, స్నానాల గది కూడా ఉంది. తీరం వెంట నెలల తరబడి తిరుగుతూ అందులోనే కాపురం పెట్టవచ్చు. పందెంలో మాత్రం అన్నిటికన్నా వెనక వచ్చేది అదే.

"విశాఖదాన్ల గాలి చేతికి తెలుస్తది. కొచ్చిదాన్ల నిద్ర మంచిగ వడ్తది," అనేవాడు. పెళ్లి భోజనాల్లో, మంగలి దుకాణంలో, ఎవరు దొరికితే వాళ్లకు ఆ ఫొటోలు చూపించేవాడు. పాత పడవను కొనేముందు ఒళ్లంతా వేలి కణుపుతో తట్టి చూడాలట. లోపల చెమ్మ పట్టిన చోట చప్పుడు మొద్దుగా వస్తుందట. ఆ అలవాటుతో మా ఇంటి తలుపులూ బీరువాలూ అన్నీ తట్టేవాడు. ఒకసారి నా పెళ్లిచూపులకు వచ్చినవాళ్ల కారును తట్టాడు. "ఎండల చూస్తె అన్నీ మంచిగనే కనవడ్తయి బిడ్డా, వాన వడ్డంక చూసుకోవాలె," అన్నాడు. పడవ గురించి అన్నాడో పెళ్లికొడుకు గురించి అన్నాడో నేను అడగలేదు.

ఇల్లు కట్టేముందు మా వైపు పునాది గీతలను నేల మీద ముగ్గుతో పోస్తారు. పోయిన చలికాలం ఆయన మేస్త్రీని పిలిపించి చిల్పూరు ప్లాటులో రెండు పడవలకూ ముగ్గు పోయించాడు, అసలు కొలతలతో. ఇల్లు మొదలైందనుకుని చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని కొబ్బరికాయ తెచ్చింది. మేస్త్రీ దాన్ని చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు.

"సారూ, ఈశాన్యం మూల ఏది? కాయ ఏడ కొట్టాలె?"

"గిది గాలిని బట్టి తిరుగుతది. పొద్దుగాల ఈశాన్యం ఉన్నది పొద్దుమీకి నైరుతి అయితది."

"అట్లయితే గిండ్ల మనుషులు ఎట్ల ఉంటరు సారూ?"

అందరం నవ్వాం. చిన్నమ్మ నవ్వలేదు. కొచ్చి పడవ వంటగది బయట నిలబడి చూసింది. తర్వాత విశాఖ పడవ దగ్గరికి వచ్చి, "గిండ్ల నేనేడ ఉండాలె?" అంది. ఆయన తెరచాపల మూటలు పెట్టే చోటు చూపించి ఏదో చెప్పబోయాడు. ఆమె వినకుండా ఆటో ఎక్కింది. ఆ రోజు ఆయన మీద నాకు చాలా కోపం వచ్చింది. ఇన్నేళ్లు నీళ్ల మీద ఉన్నది చాలలేదా అనిపించింది. ఆ తర్వాత ఆ ఇంట్లో పడవ మాట లేదు. ఎండలు ముదిరేసరికి ఆయన గుండె బలహీనపడి కొన్నాళ్లు దవాఖానలో ఉన్నాడు.

దినాలు అయిపోయాక చిన్నమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నిన్ను బిడ్డోలె చూసిండు. నీకన్న చెప్పిండా, ఏది కొందామనుకున్నడో?"

ఆమె అడిగేది పడవ గురించి కాదని నాకు తెలుసు. ఒకదాంట్లో ఆమెకు చోటుంది, ఇంకోదాంట్లో లేదు. దవాఖానలో ఉన్నప్పుడు కూడా ఆయన నాతో గాలి గురించే మాట్లాడాడు. నాకేం చెప్పలేదన్నాను. చిన్నమ్మ తల ఊపింది గానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు మేస్త్రీ పలకరించడానికి వచ్చాడు. దవాఖాన నుంచి వచ్చిన వారానికి సారు తనను మళ్లీ ప్లాటుకు తీసుకుపోయాడని, కుర్చీ వేసుకుని కూర్చుని ముగ్గు పోయించాడని చెప్పాడు. మేము ముగ్గురం ఆటోలో చిల్పూరు పోయాం.

ప్లాటులో ఒకటే పడవ ఉంది. సన్నది, విశాఖది.

"అనుకున్న," అంది చిన్నమ్మ. వెనక్కి తిరిగింది.

"జర లోపటికి చూడుండ్రి అమ్మా," అన్నాడు మేస్త్రీ. తెరచాపల మూటలు ఉండాల్సిన చోట రెండు గుండ్రాలు పక్కపక్కన గీసి ఉన్నాయి. "తెరచాపల జాగ తీసేసి పొయ్యి పెట్టుమన్నడు. మంచం గూడ ఇద్దరికి సరిపోను చేపిచ్చిండు. గింత బరువైతే పందెం గెలువదు, గెలువకున్న మంచిదే అన్నడు."

చిన్నమ్మ మళ్లీ గీత దగ్గరికి వచ్చి ఆ గుండ్రాల మీదికి వంగింది.

"నన్నొక్కసారి అడగొద్దా బిడ్డా," అంది. "నేను రానని ఎన్నడన్న అన్ననా? ఒక్కసారి అడగొద్దా?"

ఆమె చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని, గీత చెరగకుండా జాగ్రత్తగా దాటి లోపలికి పోయింది. పొయ్యి ముందు కూర్చుంది. పడమటి నుంచి గాలి మొదలై పడవ కొస దగ్గరి ముగ్గును కొంచెం కొంచెంగా లేపుకుపోతోంది. మేస్త్రీ, నేను గీత బయటే నిలబడ్డాం.