శనికి వదిలిన బూట్లు

ఈ రోజు శనివారం. సూర్యాపేటలో మా వీధి ఆంజనేయస్వామి గుడి ముందు ఒక పెద్దమనిషి బూట్లు విప్పి, వెనక్కి చూడకుండా వట్టి కాళ్ళతో వెళ్ళిపోయాడు. శనిదోషం పోవాలని అట్లా వదిలేస్తారు. ఇసుక రంగు, మఖమల్ లాంటి తోలు, చీలమండల దాకా లేసులు. నాకే ఒకసారి ముట్టుకోవాలనిపించింది.

ఇంతలో, దర్శనానికి వచ్చి చెప్పులు పోగొట్టుకున్న ఒక వ్యాను డ్రైవరు వాటిలో కాళ్ళు పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి.

“తమ్మీ, తొడగకు. అవి శనికి వదిలినవి” అన్నాను.

“డెజర్ట్ బూట్లక్కా ఇవి. దుకాణంల సూసి సూసి వచ్చేటోణ్ణి. నా సైజు శనికెట్ల ఎరుకైందో.”

“నవ్వకు. ఒకరి పీడ నీకెందుకు?”

“కోదాడ దాకా వట్టి కాళ్ళతోని నడపమంటవా? పీడ ఉంటే క్లచ్ కింద తొక్కుత తియ్.”

ఆ మెత్తటి అడుగులకు చప్పుడే లేదు. కళ్ళు మూసుకుంటే అక్కడ మనిషి నడుస్తున్నట్టే తెలియదు.

సాయంత్రం దీపం ఆ డ్రైవరు కోసమే పెట్టాను. పేరు అడగలేదు, ‘బూట్ల తమ్ముడు’ అని స్వామికి చెప్పుకున్నాను. మీ ఇంటికి ఎవరైనా ఇసుక రంగు బూట్లతో క్షేమంగా చేరి ఉంటే, కింద ఒక్క మాట రాయండి.