భాయ్ చేసిన చివరి ఆంప్లిఫైయర్

చిత్తూరులో మా భాయ్ పోయాడు. మార్కెట్ రోడ్డు దాటుతుంటే మామిడికాయల లారీ వచ్చి కొట్టింది. చాలా దూరంనుంచే హారన్ కొడుతూ వచ్చానని డ్రైవరు పోలీసులకు చెప్పాడట. తప్పించుకోవడానికి అబద్ధమాడుతున్నాడని మార్కెట్లో అందరూ తిట్టిపోస్తున్నారు. నేను మాత్రం ఆ డ్రైవరు మాట నమ్ముతున్నాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

భాయ్ నాకు చుట్టం కాదు. పాత బస్టాండు వెనక సందులో చిన్న గది అద్దెకు తీసుకుని ఆంప్లిఫైయర్లు చేసి అమ్మేవాడు. ఊళ్లో అందరికీ భాయే. ఆయన అసలు పేరు నాకు చావు కబురుతోనే తెలిసింది. పదిహేనేళ్ల పరిచయానికి అది సిగ్గుపడాల్సిన సంగతే.

తొంభైల మొదట్లో నేను ఆడపిల్లల హైస్కూల్లో లెక్కల టీచరుగా చేరాను. పాటల పిచ్చి. టేప్ డెక్కు, రెండు పెద్ద స్పీకర్లు సమకూర్చుకున్నాను. వాటిని పలికించే ఆంప్లిఫైయర్ కోసం తిరుపతి వెళితే, ఇంట్లో మగవాళ్లను తీసుకురమ్మన్నారు ఒక షాపులో. ఆ ఉక్రోషంతో పక్క షాపుకెళ్లి, వాట్లు వేలల్లో రాసి ఉన్న స్టిక్కరు చూసి ఒకటి కొనుక్కొచ్చాను. లెక్కల టీచరునై ఉండి అంకెను చూసి మోసపోయాను. నెల తిరక్కుండానే దాని గొంతు బొంగురుపోయింది. దాన్ని మోసుకుని భాయ్ దగ్గరికి వెళ్లాను.

ఆయన మూత కూడా విప్పలేదు. ఒంటి చేత్తో పైకెత్తి, మళ్లీ బల్లమీద పెట్టాడు.

"ఎత్తి సూసి కొనాలమ్మా. బరువే లేనిది బలం యాడనుంచి తెస్తాది?"

లోపలుండే ట్రాన్స్‌ఫార్మరు పెద్దదైతేనే పెట్టె బరువుంటుందని, స్టిక్కరు మీది అంకె అది పగిలిపోయే ముందు పెట్టే అరుపుకు లెక్క అని తర్వాత విడమరిచి చెప్పాడు. కొత్తది చేసివ్వమంటే వెంటనే ఒప్పుకోలేదు. గది ఎన్ని అడుగులు, పైన స్లాబా పెంకులా, వంట చేస్తూ వింటావా కూర్చుని వింటావా అని అడిగాడు. మగవాళ్లెవరని మాత్రం అడగలేదు. చివరికి నా స్పీకర్లు రిక్షాలో తెమ్మన్నాడు. నీ స్పీకర్లతో పొసగనిది నా షాపులో ఎంత బాగా పాడితే నీకేం లాభమన్నాడు.

ఆయన పరీక్ష వేరే. క్యాసెట్ పెట్టేవాడు కాదు. ఆంప్లిఫైయర్ వేసి, వాల్యూమ్ పూర్తిగా తిప్పి, స్పీకరుకు చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. గుయ్యిమనే హమ్మింగ్ రవ్వంత ఉన్నా మళ్లీ విప్పేవాడు. కొనేవాళ్లను కూడా అలాగే వినమనేవాడు. చాలామంది నవ్వుకుని, పాట వెయ్యి భాయ్ అని విసుక్కునేవాళ్లు.

"పాట బాగుంటే అది పాడినోళ్ల గొప్ప. పాట లేనప్పుడు నోరు మూసుకోనుండేదే నా గొప్ప" అనేవాడు.

నా ఆంప్లిఫైయర్ అలా మూడుసార్లు విప్పించుకుంది. నాలుగోసారి నేనూ చెవి పెట్టాను. ఏమీ లేదు. స్టాఫ్ రూములో అరుపులు, ఇంట్లో పెళ్లి మాటలు వినీ వినీ ఉన్న నాకు ఆ ఏమీ లేకపోవడం ఎంత హాయినిచ్చిందో చెప్పలేను. వినడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆయనే.

తర్వాత రోజులు మారాయి. ఐదారు బుల్లి స్పీకర్ల సెట్లు వచ్చి, భాయ్ దగ్గరికి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. నేను ఇల్లు కట్టుకున్నాక, హాలు పెద్దదైందని వంక చెప్పి ఇంకొకటి చెయ్యమన్నాను. రెండు నెలలు తీసుకున్నాడు. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, నా ఎదుటే పరీక్ష మొదలుపెట్టాడు. వాల్యూమ్ తిప్పి చెవి ఆనించాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. నాలుగడుగుల దూరంలో స్టూలు మీద కూర్చున్న నాకు హమ్మింగ్ స్పష్టంగా వినిపిస్తోంది.

"సూడుమ్మా, ఎంత నిమ్మళంగా ఉండాదో."

ఊరుకుని ఉండవచ్చు. కానీ ఆయన దగ్గర అబద్ధమాడటం నాకు చేతకాలేదు. వస్తా ఉండాది భాయ్ అన్నాను. రెండో చెవి పెట్టాడు. నావైపు చూశాడు. తర్వాత స్పీకరు ముందున్న జాలీ తీసి, లోపల అదిరే నల్ల కాగితం మీద మెల్లగా అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. చెవికి అందనిది చేతికి అందింది. ఆ ముఖం చూడలేక నేను తల దించుకున్నాను.

"ఎన్నాళ్లాయనో ఇట్ల. ఎంతమందికి ఇట్లాటివే ఇచ్చి పంపినానో" అన్నాడు. మళ్లీ తనే, "ఎవురికీ చెప్పొద్దుమ్మా. మా ఇంట్లో అసలే వద్దు. సెవిటోని కాడికి సెట్టు ఎవురు తెస్తారు?"

చెప్పనని మాటిచ్చాను. విప్పి మళ్లీ చేస్తానంటే ఇవ్వకుండా, దాన్ని అలాగే ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన మళ్లీ ఆంప్లిఫైయర్ చేయలేదు. ఇస్త్రీపెట్టెలు, మిక్సీలు బాగుచేస్తూ గడిపాడు. నేను వెళ్లినప్పుడు నా పెదాలు చూస్తూ మాట్లాడేవాడు, నేనూ నిదానంగా మాట్లాడేదాన్ని. పిలిస్తే పలకడని, మాటంటే లెక్కలేదని ఆయన భార్య నాతో మొరపెట్టుకుంటే నవ్వి ఊరుకున్నాను. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నానని లోపల కొంత గర్వం కూడా ఉండేది.

మొన్న వాళ్లింటికి వెళ్లాను. ఆయన కూతురు నా దగ్గర చదువుకున్న పిల్లే. నా చేతులు పట్టుకుని, "అంత హారన్ కొడితే మా అబ్బాకు వినబడకుండా పోతాదా టీచర్? సన్న సౌండు గూడా పట్టేసేవాడు గదా" అని అడిగింది. ఇంట్లోవాళ్లకు తెలిసి ఉంటే చెవికి మిషను పెట్టించేవాళ్లు. రోడ్డు దాటేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి పట్టుకునేవాళ్లు. ఆయన పరువు కాపాడుతున్నాననుకుని నేను ఆయన్నే పోగొట్టాను. ఈ కాగితాలు మీ దాకా వచ్చేలోగా ఆ పిల్లకు చదివి వినిపిస్తాను. తర్వాత నన్ను గుమ్మంలోకి రానిస్తుందో లేదో తెలియదు.

ఆ రోజు ఇంటికొచ్చి ఆంప్లిఫైయర్ వేశాను. క్యాసెట్ పెట్టలేదు. వాల్యూమ్ పూర్తిగా తిప్పి, స్పీకరు ముందు నేలమీద కూర్చుని, ముందున్న జాలీ తీసి నల్ల కాగితం మీద అరచెయ్యి పెట్టాను. కాగితం సన్నగా వణుకుతోంది. చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.