ఎర్రదారం లేని గ్లౌజు

వకీలుగారి భార్య బుగ్గ కందిపోయినందుకు బ్యూటీ పార్లర్ యజమానురాలు మా పిన్నిని అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. “వయసైపోయిందండీ దీనికి. చేతులు మొద్దుబారిపోయాయి. ఇకమీదట మీ ముఖం మీద చెయ్యి వెయ్యనివ్వను, సరేనా?” అని వకీలుగారి భార్యను బతిమాలింది. ఇదంతా జరగడానికి అసలు కారణమైన యజమానురాలి కోడలు కౌంటర్ వెనక నేలచూపులు చూస్తూ నిలబడింది. పిన్ని కూడా నోరు విప్పలేదు. ఆ పూటే ఆమెను ముందు గదిలోంచి తీసి, వెనక బట్టలుతికే గదిలో పడేశారు.

పిన్ని పెళ్ళి కాకముందు నుంచీ ముఖాలు శుభ్రం చేసే పనిలోనే ఉంది. వేడి తువ్వాలు కప్పి చర్మం మెత్తబడ్డాక, చేతికి గరుకు గుడ్డ తొడుక్కుని పైపైన తుడుస్తుంది. చచ్చిన చర్మం పొట్టులా రాలి వస్తుంది. ఆ గుడ్డను పార్లర్‌లో గ్లౌజు అంటారు గానీ వేళ్ళుండవు, చిన్న సంచీలా ఉంటుంది. ఉతికి, ఆరేసి మళ్ళీ వాడతారు. ముఖానికి మెత్తటి నేత, మడమలకు ముతక నేత. రెండూ బూడిద రంగే కావడంతో తడిస్తే చూపుకు తేడా తెలియదు. అందుకే పిన్ని మడమల గ్లౌజులన్నిటి అంచునా ఎర్రదారం కుట్టింది. దారం ఉంటే కాళ్ళకి, లేకపోతే ముఖానికి. ఆ పార్లర్‌లో అదే చట్టం.

ఆ చట్టం కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు. పిన్ని సెలవు పెట్టిన రోజు ఆ అమ్మాయి ఫోటోలు తీసి ఫోన్‌లో పెడదామని గ్లౌజులన్నీ వరసగా పేర్చింది. ఎర్రదారాలు అసహ్యంగా కనిపించాయి కాబోలు, కత్తెరతో అన్నీ తెంపేసింది. ఫోటోలయ్యాక అన్నిటినీ ఒకే బుట్టలో పడేసింది. మర్నాడు పిన్ని ఆ బుట్టలోంచే దారం లేని గ్లౌజు తీసుకుంది. రెండోసారి తుడిచేసరికే చేతికి తెలిసిపోయి ఆపేసిందట. అప్పటికే బుగ్గ కందగడ్డ అయిపోయింది.

“కోడలే కత్తిరించిందని చెప్పొచ్చు కదా పిన్నీ! నోట్లో ఏం పెట్టుకున్నావు?” అని నేను ఎగిరాను.

“చెప్తే? వాళ్ళూ వాళ్ళూ ఇంటికెళ్ళి కలిసి తింటారు. మధ్యలో చెడ్డదాన్ని నేనవుతాను.”

“ఇప్పుడు మంచిదానివయ్యావా?”

“పుస్తకాలు చదివి నీకు నోరు బాగా పెరిగిందిరా. రోజూ గ్లౌజును ముందు నా మణికట్టు మీద రుద్ది చూసుకుంటాను. ఆ రోజు తొందరలో చూసుకోలేదు. అది నా తప్పు కాదూ?”

తప్పును తన మీదే వేసుకోవడం మా ఇంటి ఆడవాళ్ళకి ఊపిరి పీల్చినంత సులువు. నాకు ఒళ్ళు మండేది. ఆమెకు మాత్రం ఒకటే ఆశ. “వకీలుగారి భార్య కాస్త మర్చిపోనీ, నీ కుర్చీ నీకే” అని యజమానురాలు మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని పిన్ని తన తెల్లకోటు ఇస్త్రీ చేసి మేకుకు తగిలించి పెట్టుకుంది.

వెనక గదికి కిటికీ లేదు. తువ్వాళ్ళూ గ్లౌజులూ మరిగే నీళ్ళలో నానబెట్టాలి, బ్లీచింగు నీళ్ళలో ముంచాలి, పిండాలి, తీగ మీద వెయ్యాలి. తెర అవతల ఆమె కుర్చీ దగ్గర, కొత్తగా పనిలో పెట్టుకున్న పిల్ల పని చేసేది. ఆ గ్లౌజు చప్పుడు వినబడితే పిన్ని ఉండబట్టలేక గొణిగేదట. “మెల్లిగా తల్లీ, అది మొహమే, మాడిన గిన్నె కాదు.” తెర దాటి వెళ్ళి చెప్పే హక్కు లేదు. చలికాలం పోయింది, ఎండలొచ్చాయి. ఎవరూ పిలవలేదు.

చెయ్యి పని మర్చిపోతుందేమోనని పిన్ని సెలవు రోజున మా ఇంటికొచ్చి అమ్మ ముఖం తుడిచేది. నన్నూ కూర్చోమనేది. “వీడి మొహానికి అక్షరాలు తప్ప నీళ్ళు తగిలినట్టు లేదక్కా” అని నవ్వించేది.

ఒకరోజు అమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. పిన్ని తుడవడం ముగించి, గ్లౌజు ఉతికి దండెం మీద వేసి, వచ్చి క్రీము రాయడం మొదలుపెట్టింది. అమ్మ ముఖం చిట్లించింది.

“ఒసేయ్, గ్లౌజు తీసి రాయవే. గీరుకుంటోంది.”

పిన్ని చెయ్యి ఆగిపోయింది. నేను దండెం వైపు చూశాను. గ్లౌజు అక్కడ నీళ్ళు కారుస్తోంది. పిన్ని తన అరచేతిని తన బుగ్గకే ఆనించి చూసుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి, అరచెయ్యి ఎండిన పీచులా ఉంది.

“తీశానక్కా” అంది, చాలా నెమ్మదిగా.

అమ్మ కళ్ళు తెరిచింది. మిగతా క్రీము అమ్మే రాసుకుంది.

చివరిసారి పిన్నిని బస్టాపులో చూశాను. తువ్వాళ్ళ సబ్బు వాసన ఆమె కంటే ముందే వచ్చింది. కొత్త పిల్ల మానేసిందనీ, వకీలుగారి కుటుంబం ఊరు మారిందనీ, యజమానురాలే స్వయంగా వెనక గదికొచ్చి “రేపట్నుంచి ముందుకొచ్చెయ్” అని పిలిచిందనీ చెప్పింది.

“మరి? వెళ్తున్నావా?”

“వద్దన్నాను. పొగరెక్కిందంది ఆవిడ. ఎక్కిందనే అనుకోనీ.”

“పిచ్చా నీకు? దీనికోసమే కదా ఇన్నాళ్ళూ ఆ గదిలో మగ్గావు! ముందు గదికెళ్తే చేతులు వాటంతటవే మెత్తబడతాయి.”

“మెత్తబడేదాకా ఎవరి మొహం మీద పెట్టమంటావురా వీటిని?”

బస్సొచ్చింది. ఆమె సంచీ చంకలోకి లాక్కుని, మెట్టు ఎక్కబోతూ తిరిగింది.

“వాళ్ళు పిలిచారు, నేనే వద్దన్నానని మీ అమ్మకి చెప్పు. తనంతట తను అడిగితేనే. లేకపోతే వద్దులే.”